మెట్ల మీది కూడిక

ఆ మందిరంలోకి చెప్పులు వెళ్ళవు. మనుషులు వెళ్తారు. చెప్పులు మెట్ల మీద ఆగిపోతాయి.

ఆదివారం తొమ్మిదింటికి గంట కొడతారు. పన్నెండున్నర దాకా మనుషులు లోపలే ఉంటారు. ఆ మూడున్నర గంటలూ చెప్పులు ఏం చేస్తాయో ఇంతవరకు ఎవరూ కనుక్కోలేదు. అవి కూడా కూడిక పెట్టుకుంటాయి. నవ్వకండి. అంతసేపు ఎండలో పక్కపక్కన పడి ఉంటే మీరూ ఏదో ఒకటి పెట్టుకుంటారు.

ఇంకో సంగతి ముందే చెప్పేస్తాను. చెప్పుల్లో జత అంటే ఒకరే. ఎడమా కుడీ ఎప్పుడూ ఒకే మాట మీద ఉంటాయి. మనుషుల జంటలకి అది కుదరదు గానీ చెప్పులకి మామూలే.

మెట్లు ఐదు. పై మెట్టు మీద సంఘ పెద్దగారి నల్ల బూటు ఉంటుంది. దానికీ గడపకీ జానెడు దూరం. అది ఏనాడూ గడప దాటలేదు. అయినా లోపలి సంగతులన్నీ దానికే తెలుసని కింది మెట్లవాళ్ళు నమ్మేవాళ్ళు. జానెడే కదా మరి.

మధ్య మెట్ల మీద రకరకాలవాళ్ళు. టీచరుగారి మడమ చెప్పు, కాలేజీ పిల్ల గులాబీ రంగు హవాయి, షావుకారి కిర్రుచెప్పు, కొత్తగా పెళ్ళయినవాళ్ళ మెరుపుల చెప్పులు. ఈ మెట్లేవీ కాకుండా, నేల మీద, చీపురు పక్కన దీవెనమ్మ తోలు చెప్పు ఉంటుంది. దీవెనమ్మ మందిరం ఊడుస్తుంది. ఆమె చెప్పుకి గేదె తోలు, టైరు అట్ట. పదకొండేళ్ళ వయసు. మూడు కుట్లు పడ్డాయి. మెట్లన్నీ దాన్ని పెద్దమ్మా అంటాయి.

కూడిక ఎప్పుడూ ఒకేలా జరిగేది. లోపల మైకులో వాక్యం చదువుతారు. బూటు దాని అర్థం చెబుతుంది. మిగతావాళ్ళు ఆమెన్ అంటారు. తరవాత లోపల సంఘ పెద్దగారు పెద్ద ప్రార్థన మొదలుపెడతారు. ఇరవై నిమిషాలు. మనుషులు కళ్ళు మూసుకుంటారు, చెప్పులూ మూసుకుంటాయి. ప్రార్థనలో కళ్ళు తెరిస్తే ఏమవుతుందో ఎవరికీ తెలీదు, ఎందుకంటే ఎవరూ తెరవలేదు.

ఒక ఆదివారం, వాక్యం అయిపోయి బూటు గొంతు సవరించుకుంటుండగా, హవాయి అడ్డొచ్చింది.

“బూటుగారూ, ఒకటి అడగనా?”

“అడగడమేంటమ్మాయ్? మనం వినడానికి వచ్చాం.”

“వచ్చామా? విప్పితే ఉండిపోయాం.”

మూడో మెట్టు ఫక్కుమంది. బూటు నవ్వలేదు. బూట్లు సామాన్యంగా నవ్వవు.

“అది కాదండీ,” అంది హవాయి. “ప్రతివారం మీరు చెప్తారు, మేం ఆమెన్ అంటాం. ఈసారి ఆమెన్ అనే ముందు ఒకరం ఒక ప్రశ్న వేద్దాం. వారానికి ఒక్కటే. జవాబు దొరక్కపోయినా ఫర్వాలేదు. కాసేపు దాని చుట్టూ కూర్చుందాం.”

మెట్లు నిర్ఘాంతపోయాయి. మెరుపుల చెప్పులు ఒకదానివైపు ఒకటి ఒరిగాయి. కిర్రుచెప్పుకి ఎవరూ తొడుక్కోకుండానే కిర్రుమని శబ్దం వచ్చింది.

“ప్రశ్న వేశామంటే నమ్మకం పోయినట్టే,” అంది బూటు.

“మా అమ్మగారి క్లాసులో అట్లా కాదండీ,” అని టీచరుగారి చెప్పు కలగజేసుకుంది. “ప్రశ్న వేయనివాడికే ఏమీ రానట్టు లెక్క. నువ్వడుగు చెల్లీ, వింటాం.”

హవాయి అడిగింది. “మా పిల్లకి ఒక స్నేహితురాలు ఉండేది. పాటల బృందంలో ముందు వరసలో పాడేది. వేరే మతం అబ్బాయిని చేసుకుందని సంఘం పుస్తకంలో పేరు కొట్టేశారు. ఇప్పుడు ఈ వీధిలోకి రావాల్సి వస్తే తల దించుకుని పక్క వీధిలోంచి పోతోంది. వీళ్ళు పుస్తకంలో కొట్టేస్తే పైనున్న ఆయన కూడా కొట్టేస్తాడా?”

ఎండ ఒక్కసారిగా వెనక్కి తగ్గినట్టయింది.

“ఇట్లాంటివి అడిగినవాళ్ళు తప్పిపోతారు,” అంది బూటు చివరికి. బెదిరించడానికి అనలేదు. తను విన్నదే అంది. లోపల అదే మాట చాలాసార్లు వినబడింది దానికి.

మరుసటి ఆదివారం తొమ్మిదింటికి హవాయి రెండో మెట్టు మీద ఉంది. పెద్ద ప్రార్థనకి అందరూ కళ్ళు మూసుకున్నారు. ఆమెన్ అని తెరిచేసరికి రెండో మెట్టు మీద ఖాళీ.

కాలేజీ పిల్ల ఐదు మెట్లూ వెతికింది, గన్నేరు మొక్కల్లో వెతికింది, చివరికి కాలిన పాదాలతో గెంతుకుంటూ ఇంటికి పోయింది. చెప్పులు మాత్రం కదల్లేదు. పన్నెండున్నర ఎండలో కూడా కిర్రుచెప్పు వణికింది.

“ఎవరో ఎత్తుకుపోయారు, అంతే,” అంది టీచరుగారి చెప్పు. “దొంగలకి ఆదివారం సెలవా ఏంటి?”

“అడిగింది, పోయింది,” అంది బూటు.

“అయితే నేనూ అడుగుతా, చూద్దాం,” అంది టీచరుగారి చెప్పు. మడమ ఎత్తున్నవాళ్ళకి పంతం కూడా కొంచెం ఎత్తే. “మా అమ్మగారు ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడ సండేస్కూలు చెబుతోంది. మొన్న పాస్టరుగారికి జ్వరం వస్తే, ఈ వారం వాక్యం నేను చెప్తానని అంది. ఆడవాళ్ళు పిల్లలకి చెప్పొచ్చట, పెద్దవాళ్ళకి చెప్పకూడదట. ఆవిడ ఆ పీఠం ఎక్కితే కోపం వచ్చేది పైనున్న ఆయనకా, వీళ్ళకా? ఇదీ నా ప్రశ్న.”

తరవాతి ఆదివారం, పెద్ద ప్రార్థన అయ్యి కళ్ళు తెరిచేసరికి టీచరుగారి చెప్పు లేదు.

ఈసారి మెట్లు హడలిపోయాయి. ఒకటి పోతే దొంగతనం. అడిగిన రెండూ వరసపెట్టి పోతే దాన్నేమనాలి? మనుషులు కూడా గాబరాపడ్డారు, వాళ్ళ కారణాలు వాళ్ళవి. సంఘ పెద్దగారు గోడకి ఒక బోర్డు కొట్టించారు. ‘చెప్పులకు సంఘం బాధ్యత వహించదు’ అని పెద్ద అక్షరాలతో. బూటు దాన్ని చదివి వినిపించింది. చదువుతున్నప్పుడు దాని గొంతు కూడా పలచబడింది.

ఆ రోజు నుంచి కూడికలో ప్రశ్న అన్న మాటే లేదు. ఆమెన్లు మాత్రం బలంగా పడేవి. బూటు ఇంకా వాక్యంలో సగంలో ఉండగానే ఆమెన్ అనేసేవాళ్ళు. ముందే అనేస్తే కొంచెం భద్రం కదా అని.

తోలు చెప్పు కూడా అనేది. కానీ దాని గొంతులో ఒక ప్రశ్న అడ్డం పడి ఉంది. అది తనది కాదు, దీవెనమ్మది.

దీవెనమ్మకి ఒక్కడే కొడుకు. పేరు తీతు. పదహారేళ్ళవాడు. తొమ్మిది నెలల కింద జ్వరం వచ్చి ఆసుపత్రిలో పడ్డాడు. పదకొండు రోజులు. వార్డు గుమ్మం దగ్గర విప్పిన తోలు చెప్పు ఆ పదకొండు రోజులూ లోపలి నుంచి దీవెనమ్మ ప్రార్థన వింది. ఒకటే ప్రార్థన. వాడిని నాకు ఉంచు. అంతకన్నా పెద్దగా ఏమీ అడగలేదు. పన్నెండో రోజు తోలు చెప్పు ఆమెను సమాధుల తోటకి తీసుకెళ్ళింది.

అప్పటి నుంచి దీవెనమ్మ ఎవరినీ ఏమీ అడగలేదు. ఊడుస్తుంది. ముసుగు వేసుకుని చివరి చాప మీద కూర్చుంటుంది. అందరూ స్తోత్రం అంటే తనూ అంటుంది. నడిచేటప్పుడు మాత్రం కాలి వేళ్ళు బిగబట్టి నడుస్తుంది. ఆ బిగింపు మనుషులకి కనబడదు. చెప్పుకి తెలుస్తుంది. ఆ వేళ్ళలో ఉన్నది ప్రశ్నేనని తోలు చెప్పుకి తెలుసు. తను అడిగితే ఏమవుతుందో కూడా తెలుసు. పోతే తను పోవడం ఒక్కటే కాదు. దీవెనమ్మకి ఇంకో జత లేదు, ఇల్లు రెండు మైళ్ళు, నడి వేసవి.

అందుకని మూడు వారాలు నోరు మూసుకుంది.

నాలుగో వారం లోపల మైకులో ఒకావిడ సాక్ష్యం చెప్పింది. తన కొడుక్కి జ్వరం వచ్చిందట. డాక్టర్లు చేతులెత్తేశారట. మోకాళ్ళ మీద పడి ఏడిస్తే మూడో రోజుకి లేచి ఇడ్లీ తిన్నాడట. “అడిగితే వింటాడండీ, ఎవరడిగినా వింటాడు,” అంది ఆవిడ, మనసారా. మందిరమంతా చప్పట్లు. ఆ చప్పట్లలో, చివరి చాప మీద నుంచి, దీవెనమ్మ స్తోత్రం కూడా వినబడింది.

బూటు అర్థం చెప్పబోయింది. మెట్లు ఆమెన్ అనబోయాయి.

“మరి తీతు?” అంది తోలు చెప్పు.

అన్ని మెట్లూ కిందికి చూశాయి.

“ఈమె కూడా అడిగింది,” అంది తోలు చెప్పు. “పదకొండు రోజులు అడిగింది. గుమ్మం దగ్గర నేనున్నాను, విన్నాను. ఆవిడ అడిగిన మాటే ఈమె కూడా అడిగింది. ఆ పన్నెండో రోజు ఆయన ఎక్కడున్నాడు?”

బూటు దగ్గర అన్నింటికీ ఒక అర్థం ఉండేది. దీనికి వెతుక్కుంది.

“పెద్దమ్మా,” అంది మెల్లగా. దాని గొంతులో పాలిష్ లేదు. “ఆ మాట వెనక్కి తీసేసుకో. మేమెవరమూ వినలేదనుకుంటాం. నువ్వు పోతే ఆవిడ ఎట్లా నడుస్తుంది?”

“అదే నాకూ భయం బాబూ. కానీ తీసుకోను.”

ఆ వారమంతా తోలు చెప్పు అడుగడుగూ లెక్కపెట్టుకుంటూ నడిచింది. ఆదివారం పొద్దున మందిరానికి వస్తుంటే దారిలో కుడికాలి పట్టీ తెగింది. దీవెనమ్మ ఆ కాలు ఈడ్చుకుంటూ వచ్చి, చీపురు పక్కన విప్పి, తెగిన పట్టీని ఒకసారి చూసి లోపలికి పోయింది. వీడ్కోలు చెప్పాలో వద్దో మెట్ల మీద ఎవరికీ తోచలేదు.

పెద్ద ప్రార్థన మొదలైంది. అందరూ కళ్ళు మూసుకున్నారు.

తోలు చెప్పు మూసుకోలేదు. పోయేటప్పుడు ఎవరు తీసుకెళ్తున్నారో చూసి పోదామనుకుంది.

గేటు తోసుకుని ఒక మనిషి వచ్చాడు. ఒట్టి కాళ్ళు. భుజం మీద తువ్వాలు. ముంగిట్లో బండలు పెనంలా కాలుతుంటే, అందరిలాగే ఒక కాలు మార్చి ఒక కాలు వేస్తూ గెంతుతూ వచ్చాడు. దొంగ అంటే పిల్లిలా వస్తాడనుకుంది తోలు చెప్పు. ఈయన ఉస్సు ఉస్సు అనుకుంటూ వచ్చాడు.

పై మెట్టు మీద బూటు ఒక కన్ను తెరిచింది. ముందు భయంతో బిగుసుకుపోయింది. ఆ మనిషి తనవైపు చూడను కూడా చూడకుండా దాటిపోయేసరికి, నిజం చెప్పాలంటే, కొంచెం చిన్నబుచ్చుకుంది.

అంత మెరిసే చెప్పులుండగా ఆయన చీపురు దగ్గరికి వచ్చి నేల మీద చతికిలబడ్డాడు. తెగిన చెప్పుని ఒళ్ళో పెట్టుకున్నాడు. తువ్వాలు అంచు పళ్ళతో పట్టి చింపి, పీలికని పట్టీ రంధ్రంలోంచి దూర్చి, లాగి, ముడి వేశాడు. చేతిపని తెలిసినవాడి ముడి. తరవాత లేచి కాళ్ళు పెట్టాడు.

తోలు చెప్పు కొయ్యబారిపోయింది.

పాదం నడిమధ్యలో ఒక మచ్చ ఉంది. మామూలు మచ్చ కాదు. పైనుంచి అడుగుదాకా పోయి మానిన గాయం. రెండో పాదంలో కూడా. తోలు చెప్పుకి మేకులు కొత్త కాదు. దాని ఒంటిని టైరు అట్టకి బిగించిందే మేకులతో. మేకు దిగితే ఎట్లా ఉంటుందో, మానాక ఎట్లా ఉంటుందో దానికి బాగా తెలుసు. కానీ ఇంత మేకు చెప్పులకి వాడరు. దేనికి వాడతారో అది ఊహించలేకపోయింది. కాసేపటికి ఊహించింది. ఊహించాక మరీ కొయ్యబారిపోయింది.

పై మెట్టు మీది బూటు కూడా ఆ పాదం చూసింది. దొంగ అని అరుద్దామని అప్పటికే నోరు తెరిచి ఉంది. అట్లాగే ఉండిపోయింది.

“అయ్యా,” అంది తోలు చెప్పు, మాట కూడగట్టుకుని. “ఇవి దీవెనమ్మవి.”

“తెలుసు,” అన్నాడు ఆయన.

మనుషులకి చెప్పుల మాట వినబడదు. పదకొండేళ్ళలో దీవెనమ్మకి ఒక్క ముక్క వినబడలేదు. తోలు చెప్పు ఇంకేం మాట్లాడాలో మర్చిపోయి, నోటికొచ్చింది అడిగేసింది.

“ముందు పోయినవాళ్ళు?”

“వాళ్ళు అడిగిన చోట దింపాను. ఒకరు ఆ పాటలు పాడే అమ్మాయి గుమ్మంలో ఉన్నారు. ఇంకొకరు పీఠం వెనక. ఆ పీఠం వెనకకి దీవెనమ్మ చీపురుని కూడా రానివ్వరు, అందుకే ఇంకా కనబడలేదు.”

లోపల ప్రార్థన అయిపోయింది. పాట ఎత్తుకున్నారు. రావయ్యా, మా మధ్యకి రావయ్యా అని గొంతులన్నీ కలిపి పాడుతున్నారు. తబలా, కంజిర, చప్పట్లు.

“లోపల మిమ్మల్నే పిలుస్తున్నారు,” అంది తోలు చెప్పు.

“వింటున్నాను. ఆ తబలా అతను భలే వాయిస్తాడు,” అన్నాడు ఆయన. అని గేటువైపు నడిచాడు.

పాట సగంలో ఉండగా దీవెనమ్మ బయటికి వచ్చింది. మంచినీళ్ళ కుండ గుమ్మంలో పెట్టడం ఆమె పని. కుండ పెట్టింది, చీపురు పక్కకి చూసింది. చెప్పులు లేవు.

వెనకే సంఘ పెద్దగారు వచ్చారు. “మళ్ళీనా? చూడమ్మా, బోర్డు పెట్టినా వీళ్ళకి బుద్ధి లేదు. తెగినవాటిని కూడా వదలరు.” ఆయన నిజంగానే బాధపడ్డాడు. “ఉండు, మా ఇంటావిడ పాతవి ఏమన్నా ఉన్నాయేమో చూద్దాం.”

దీవెనమ్మ వినడం లేదు. దుమ్ములో టైరు అట్ట అచ్చులు పడి ఉన్నాయి. పదకొండేళ్ళుగా తన వెనకాలే పడుతున్న అచ్చులు. ఇప్పుడు తను లేకుండా గేటు దాటి పోయాయి.

“ఎవరికో కాళ్ళు కాలి ఉంటాయిలెండి,” అంది. అని మెట్లు దిగింది.

“ఎండలో ఎక్కడికమ్మా? ఇంకా ఆశీర్వాదం కాలేదు.”

“ఇప్పుడే వస్తానండీ.”

ఒట్టి కాళ్ళతో ఆ అచ్చుల మీదే అడుగులు వేసుకుంటూ పోయింది. అవి ఇంటివైపు తిరగలేదు. బజారువైపు కూడా తిరగలేదు. తిరిగిన చోటు చూసి ఒక్క క్షణం ఆగింది. తరవాత ఇంకొంచెం వేగంగా నడిచింది.

సమాధుల తోటలో ఎవరూ చెప్పులు విప్పరు. తుమ్మముళ్ళుంటాయి, పురుగూ పుట్రా ఉంటుంది. తీతుని మోసుకొచ్చిన రోజున కూడా ఎవరూ విప్పలేదు, పాస్టరుగారు కూడా. అందుకే ఆ మనిషి తోట గేటు దగ్గర ఆగి వంగినప్పుడు, కాలిలో ముల్లేదో దిగింది కాబోలనుకుంది తోలు చెప్పు.

ముల్లు కాదు. ఆయన చెప్పులు విప్పుతున్నాడు. కుడిది విప్పాడు, ఎడమది విప్పాడు. రెండింటినీ పక్కపక్కన సర్ది, దుమ్ము తుడిచి, ఒట్టి కాళ్ళతో ముళ్ళ మీదుగా లోపలికి నడిచాడు. దారి వెతుక్కోలేదు. ఏ మట్టిదిబ్బ దగ్గరికి వెళ్ళాలో తెలిసినవాడిలా వెళ్ళి దాని పక్కన కూర్చున్నాడు.

తోలు చెప్పు ఆ రోజు చాలాసార్లు అదిరిపడింది. ఇంతగా మాత్రం అదిరిపడలేదు. తను పదకొండేళ్ళుగా ఏ గుమ్మం దగ్గర విప్పితే ఆ గుమ్మం దగ్గర ఆగింది. ఇక్కడ విప్పుతారని అనుకోనేలేదు.

కాసేపటికి దీవెనమ్మ వచ్చింది. పాదాలు ఎర్రగా కాలి ఉన్నాయి. గేటు దగ్గర చెప్పులు కనబడ్డాయి. వంగి, పట్టీకి వేసిన గుడ్డముడిని వేలితో తాకి చూసింది. గట్టిగా ఉంది. తొడుక్కోబోయింది. లోపలికి చూసింది. తొడుక్కోలేదు.

తీతు దిబ్బ పక్కన ఎవరో కూర్చుని ఉన్నారు. వీపు ఇటువైపు. భుజం మీద అంచు చిరిగిన తువ్వాలు. ఆ కూర్చోవడం చూస్తే ఇప్పుడే వచ్చి కూర్చున్నవాడిలా లేడు.

దీవెనమ్మ రెండడుగులు లోపలికి వేసింది. తొమ్మిది నెలలుగా ఎవరినీ ఏమీ అడగని మనిషి. ఇప్పుడు అడిగింది.

“ఎవరు నాయనా? మా వాడి దగ్గర ఎప్పటి నుంచి ఉన్నావు?”

ఆ మనిషి వెనక్కి తిరిగాడు.